యువరాజుకు ముక్కు చెక్కిన ట్రోఫిమస్

ట్రోఫిమస్ చెక్కిన ముఖాలు సామ్రాజ్యమంతా తిరిగాయి. బ్రిటన్ వానల్లో కాపలా కాసే సిపాయి నడుము సంచిలో ఉన్నాయి. అలెగ్జాండ్రియా రేవులో మిరియాల బస్తాలు దింపించుకునే వర్తకుడి పెట్టెలో ఉన్నాయి. అతను మాత్రం పదకొండో ఏట రోము వచ్చాక ఓస్తియా రేవు దాటి ఎటూ పోలేదు. పోదామన్నా పోయే వీల్లేదు. అతను చక్రవర్తి బానిస. కేలియన్ కొండ దిగువన టంకశాలలో నాణేల అచ్చులు చెక్కేవాడు.

పుట్టుకతోనే బానిస, తల్లి బానిస గనుక. తండ్రి ఎవరని ఎవరూ అడగలేదు. చట్టానికి తల్లి ఎవరో తెలిస్తే చాలు.

వెండికీ రాగికీ వేరే పనివాళ్ళున్నారు. బంగారు నాణెం అచ్చు మాత్రం ట్రోఫిమసే చెక్కాలి. బొటనవేలి గోరంత జాగాలో ముఖాన్ని లోపలికి తవ్వాలి, చుట్టూ అక్షరాలను తిరగేసి రాయాలి. అలా ఇరవై ఏళ్ళు పని చేసి చేసి, మనుషుల ముఖాలు ఎదురుగా చూస్తే అతనికి అంతగా గుర్తుండేవి కావు. పక్కనుంచి చూస్తేనే గుర్తుపట్టేవాడు. "పలకరించాలంటే నీ పక్కకొచ్చి గోడవైపు చూస్తూ నిలబడాలి కాబోలు," అని మిర్తాలె ఎకసెక్కాలాడేది.

మిర్తాలె అతని ఆడమనిషి. ఆమెదీ చక్రవర్తి ఇల్లే, రాజభవనం ఉన్ని మగ్గాల దగ్గర పని. బానిసలకు పెళ్ళిళ్ళుండవు, కలిసి ఉండటం ఉంటుంది. టంకశాల వెనక వరసగా ఉన్న గదుల్లో మూడోది వాళ్ళది. అప్పటికి ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆమెకు ముప్పై ఒకటో ఏడు నడుస్తుండగా మూడోసారి నెల తప్పింది. ఆ ఏడే ముసలి చక్రవర్తి దత్తత చేసుకున్నాడు.

చక్రవర్తికి కొడుకుల్లేరు. దగ్గు ఎక్కువైంది. దూరపు బంధువుల కుర్రాణ్ణి, పదహారేళ్ళవాణ్ణి తెచ్చి కొడుకన్నాడు. కోతలు కాగానే ఆ కుర్రాడికి పెద్దవాళ్ళ అంగీ తొడిగి, వారసుడని పౌరుల ముందు నిలబెట్టాలి. ఆలోగా ఒకవైపు తండ్రి, మరోవైపు కొడుకు ఉన్న బంగారు నాణేలు సరిహద్దు దళాలన్నిటికీ అందాలి. కుర్రాడి బొమ్మ చుట్టూ ఉండాల్సిన మాట కూడా పైనుంచే వచ్చింది: ప్రజల ఆశ.

భవనం నుంచి మైనపు బొమ్మ వచ్చింది. ట్రోఫిమస్ వారం రోజులు కూర్చుని చెక్కాడు. టంకశాల అధికారి విబులేనస్ మొదటి నాణేన్ని వెలుతురులో పెట్టి చూసి మొహం చిట్లించాడు.

"ఉన్నదున్నట్టు చెక్కావు కదూ?"

"అవును దొరా. బొమ్మలో ఎలా ఉందో అలాగే."

"అక్కడే వచ్చింది తంటా. ఈ చప్పిడి ముక్కు ఎవడిక్కావాలి?" విబులేనస్ నాణేన్ని అటూ ఇటూ తిప్పాడు. "రైన్ నది ఒడ్డున ఉన్న సిపాయి ఈ అబ్బాయిని జన్మలో చూడడు. వాడు ఇటు తిప్పితే తండ్రి, అటు తిప్పితే కొడుకు. చూడగానే, అచ్చం తండ్రి పోలికేరా అనాలి. అర్థమైందా?"

"దత్తుడు కదా దొరా. పోలిక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"నీ ఉలి కొసనుంచి వస్తుంది."

ట్రోఫిమస్ మళ్ళీ కూర్చున్నాడు. చక్రవర్తి గద్దముక్కును కొంచెం సన్నం చేసి, నున్నగా చేసి, పదహారేళ్ళ ముఖానికి పెట్టాడు. గడ్డం కూడా రవ్వంత ముందుకు జరిపాడు. ఈసారి చూసినవాళ్ళెవరూ కాదనలేరు. వాళ్ళిద్దరూ తండ్రీ కొడుకులే.

సుత్తి వేసే డాజస్ మొదటి దెబ్బ కొట్టి, వేడి నాణేన్ని పట్టకారుతో పైకెత్తి పకపకా నవ్వాడు. ఇల్లిరియా కొండలనుంచి వచ్చిన మనిషి, గొంతు పెద్దది. "మా అమ్మ తొమ్మిది నెలలు మోసినా నాకు మా అయ్య ముక్కు రాలేదు. నువ్వు మూడ్రోజుల్లో తెప్పించావు కదన్నా!"

"మెల్లిగా అను. గోడలకు చెవులున్నాయి."

"ఈ గోడలకా? పాతికేళ్ళ సుత్తి దెబ్బలకు వాటికెప్పుడో చెముడొచ్చింది."

విబులేనస్‌కు నాణెం నచ్చింది, భవనంలోనూ నచ్చింది. ఒక సాయంత్రం ఆయన చెక్కుడు బల్ల దగ్గరికే వచ్చి చెప్పాడు. అంగీ తొడిగే పండగనాడు యువరాజు తన చేతులమీదుగా టంకశాల వాళ్ళు పదిమందిని విడుదల చేస్తాడు. పట్టీ రాస్తున్నారు. మొదటి పేరు ట్రోఫిమస్‌ది.

ట్రోఫిమస్ చేతిలో ఉలి కింద పెట్టాడు. ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశాడో. వినగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"దొరా, నా పేరు బదులు మిర్తాలె పేరు రాయిస్తారా?"

"ఆవిడెవరు?"

"నా మనిషి. మగ్గాల దగ్గరుంటుంది. ఆరో నెల."

విబులేనస్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. కడుపుతో ఉన్న రోజుల్లో తల్లి ఒక్క పూట స్వతంత్రురాలై ఉన్నా, పుట్టే బిడ్డ స్వతంత్రంగా పుట్టినట్టే. పండగ నాటికి ఆమెకు తొమ్మిదో నెల వస్తుంది. మంత్రసాని లెక్క ప్రకారం పండగకూ పురుటికీ ఇరవై రోజుల తేడా.

"మళ్ళీ నీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేను సుమా."

"ఫరవాలేదు దొరా."

"సరే. నీ ఇష్టం."

మిర్తాలెకు చెబితే చేతిలోని పప్పు గిన్నె ఠక్కున దించింది. "నన్నడగకుండానే రాయించేశావా?"

"అడిగితే ఏమనేదానివి?"

"నీ పేరే రాయించమనేదాన్ని."

"అందుకే అడగలేదు."

"నేను బయటా, నువ్వు లోపలా. ఇంక నువ్వు చెప్పిన మాట నేను వినక్కర్లేదు, తెలుసా?"

"ఇప్పుడు వింటున్నట్టు!"

ఆమె నవ్వింది, తరవాత ఏడ్చింది, తరవాత పప్పు మాడిపోతోందని లేచింది. మర్నాటినుంచి మగ్గాల దగ్గర మిగిలిన ఉన్ని తుక్కు కొంగులో దాచి తెచ్చి, నీళ్ళలో నానేసి పిసికి, టోపీ తయారుచేసుకుంది. విడుదలైనవాళ్ళు పెట్టుకునే గుండ్రటి టోపీ. ఒకటి తనకు, పిడికిలంతది ఇంకొకటి. స్వతంత్రంగా పుట్టినవాళ్ళకు ఆ టోపీతో పనిలేదని ట్రోఫిమస్ అన్నా వినలేదు.

పండగ ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక ఉదయం టంకశాల వాకిలి మూసేశారు. అంగరక్షక దళంవాళ్ళు పన్నెండుమంది, వాళ్ళ వెనక ఎవరూ ఎరగని అధికారి ఒకడు లోపలికి వచ్చారు. పనివాళ్ళందర్నీ కొలిమి ముందు నిలబెట్టి ఆ అధికారి చదివాడు. కుట్ర బయటపడింది. దత్తత రద్దయింది. ఆ కుర్రాడి పేరు ఇకమీదట ఎవరూ పలకకూడదు. పత్రాల్లో, రాళ్ళమీద, నాణేలమీద అతని ఆనవాలు ఉండకూడదు.

కుట్ర నిజమో అబద్ధమో టంకశాలలో ఎవరికీ తెలీదు. కుర్రాణ్ణి ఏదో దీవికి పంపారన్నారు. అక్కడికి చేరనే లేదన్నారు. విబులేనస్ రెండు రోజులుగా కనబడటం లేదని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఆయన యువరాజు పక్షం మనిషి.

ఫ్లమీనియా రోడ్డున ఉత్తరానికి బయల్దేరిన బళ్ళను వెనక్కి తిప్పి తెచ్చారు. సంచులు విప్పి బంగారాన్ని మూసల్లో పోశారు. తండ్రి ముఖమూ కొడుకు ముఖమూ కలిసి కరిగాయి. అచ్చులు మాత్రం కరిగించలేదు. ఎవరు చెక్కారో వాళ్ళే చెడగొట్టాలన్నారు. ట్రోఫిమస్ తన బల్ల దగ్గరే కూర్చుని, పదకొండు అచ్చుల్లో పదకొండు ముఖాల మీద, నుదుటినుంచి గడ్డందాకా నిలువునా ఉలి దింపాడు. పక్కన నిలబడ్డ సిపాయి ప్రతి అచ్చునూ తీసి చూసి, వేలితో తడిమి, "ఇంకా లోతుగా" అన్నాడు.

ఆ సాయంత్రం డాజస్ నీళ్ళ తొట్టి దగ్గర ట్రోఫిమస్‌ను పట్టుకున్నాడు. మొహంలో నవ్వులేదు.

"అన్నా, ఆ పట్టీ ఉంది చూడు, విడుదల పట్టీ. అందులో పేర్లున్నవాళ్ళు ఆ కుర్రాడి మనుషులట. ఇద్దర్ని పొద్దున్నే తీసుకుపోయారు. కొలిమి దగ్గర ప్రిమియన్, తూకాల ముసలాయన."

"వాళ్ళకేం తెలుసు? పేర్లు రాసింది విబులేనస్ కదా."

"బానిస మాట కొరడా పడ్డాకే నిజమంటారు. తెలిసినా తెలియకపోయినా కొడతారు. వదిన పేరుందా లేదా?"

ఉందని ట్రోఫిమస్ తలూపాడు. ఆ పేరు రాయించడానికి తన వంతు వదులుకున్నాడు. ఇప్పుడు అదే పేరు చెరిపించాలి.

పత్రాలశాలలో గుమాస్తా ఉన్నాడు, బట్టతల, మెల్లకన్ను. అతనూ చక్రవర్తి బానిసే. ఎవరూ లేని సమయం చూసి ట్రోఫిమస్ లోపలికెళ్ళాడు. తాను తీరిక వేళల్లో ఏడాదిపాటు చెక్కుకున్న ఎర్రరాయి బల్లమీద పెట్టాడు. దానిమీద పరుగెత్తే జింక ఉంది. గుమాస్తా రాయిని చూడకుండానే అరచేత్తో కప్పేశాడు.

"ఏం కావాలి?"

"పట్టీలో మిర్తాలె అన్న పేరు తీసెయ్యి."

"మొన్న నీలాంటివాడే ఒకడొచ్చాడు, వాళ్ళ తమ్ముడి పేరు కలపమని కాళ్ళు పట్టుకున్నాడు. ఇవాళ నువ్వొచ్చి తీసెయ్యమంటున్నావు." గుమాస్తా మైనపు పలక బయటికి తీశాడు. "తియ్యడం ఎంతసేపు? రుద్దితే పోతుంది. కానీ పైన పదిమంది అని ఉంది. దళంవాళ్ళు అది చదివిపోయారు. తొమ్మిదుంటే నా వీపు చీరతారు. ఒకటి తీస్తే ఒకటి పెట్టాలి. ఎవర్ని పెట్టమంటావు?"

ట్రోఫిమస్‌కు టంకశాలలో నూట అరవైమంది తెలుసు. ఎదుటివాళ్ళ ముఖాలు గుర్తుండని మనిషికి ఆ క్షణాన అందరూ ఎదురుగా నిలబడ్డట్టే కనిపించారు.

"నాది పెట్టు."

గుమాస్తా మెల్లకన్నుతో అతన్ని కాసేపు చూశాడు. పుల్ల మొద్దు వైపుతో మైనం రుద్ది, మొన వైపుతో రాశాడు. ఎర్రరాయిని వెనక్కి తోశాడు. "ఇది తీసుకుపో. ఇలాంటి దానికి నేను తీసుకోను."

మర్నాడు మధ్యాహ్నం వచ్చి తీసుకుపోయారు. పదకొండు రోజులుంచారు. విబులేనస్ ఎవరెవరితో మాట్లాడేవాడని అడిగారు. యువరాజు ఎప్పుడైనా టంకశాలకు వచ్చాడా అని అడిగారు. రాలేదంటే కొట్టారు. వచ్చాడంటే ఎప్పుడొచ్చాడో చెప్పమని కొట్టారు. మూడోనాడు పైనుంచి మనిషొచ్చి తలుపు దగ్గర నిలబడి చెప్పినమాట ట్రోఫిమస్ చెవిన పడింది. "చేతులు జాగ్రత్త. వాడి చేతుల్తో పనుంది." ఆ తరవాత వీపుమీద మాత్రమే కొట్టారు. ప్రిమియన్‌కు అలాంటి చేతులు లేవు. అతను తిరిగి రాలేదు.

డాజస్ వచ్చి భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చాడు. గది గుమ్మంలో పసిపిల్ల ఏడుపు వినబడింది. మిర్తాలెకు బెంగకే నొప్పులొచ్చాయి. అప్పటికి నాలుగు రోజుల పిల్ల. బతికింది. ట్రోఫిమస్‌ను బోర్లా పడుకోబెట్టి, పిల్లను అతని మొహం పక్కన పెట్టారు.

"పత్రాలశాల గుమాస్తా వచ్చి రాసుకుపోయాడు," అంది మిర్తాలె.

"ఏమని?"

"ఆడపిల్ల. ఇంట పుట్టిన బానిస. పేరేమిటని అడిగాడు. నువ్వొచ్చాక చెబుతానంటే వినలేదు. నెబ్రిస్ అన్నాను."

నెబ్రిస్ అంటే లేడిపిల్ల.  పట్టీలో ఆమె పేరు తీయించి తన పేరు పెట్టించిన సంగతి ట్రోఫిమస్ ఆమెకు ఆనాడు చెప్పలేదు. చాలా ఏళ్ళకు డాజస్ తాగిన మైకంలో చెప్పేశాడు. మిర్తాలె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు, మూడోనాడు అతని వీపుకు నూనె రాస్తూ కూర్చుంది.

వీపు మానకముందే కొత్త మైనపు బొమ్మ వచ్చింది. ఈసారి చక్రవర్తి తమ్ముడి మనవడు, ఏడేళ్ళవాడు. బుగ్గలు తప్ప ముఖంలో ఇంకేమీ ఏర్పడలేదు. కొత్త అధికారి ఏదో చెప్పబోతే ట్రోఫిమస్ తలూపాడు. ఆ గద్దముక్కే ఏడేళ్ళవాడి కొలతకు చిన్నది చేసి పెట్టాడు. చుట్టూ అక్షరాలు కూడా అవే. ప్రజల ఆశ.

"ముక్కు బాగా కుదిరింది," అన్నాడు అధికారి.

"చిత్తం," అన్నాడు ట్రోఫిమస్.

ఏటేటా ఆ పిల్లవాణ్ణి ఒక్కో ఏడు పెంచుతూ కొత్త అచ్చులు చెక్కాడు. ఇంటి దగ్గర నెబ్రిస్ తనంతట తాను పెరిగింది. డాజస్ సుత్తి దెబ్బల్ని అనుకరిస్తూ గంతులేసేది. తండ్రి పక్కన కూర్చుని బూడిదలో వేలితో గుర్రాలు గీసేది. తొమ్మిదో ఏట భవనానికి పిలిచారు. జడలు వేయడం నేర్పారు. పదిరోజులకోసారి ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడల్లా రాణివాసం వాళ్ళ నడకలూ మూతివిరుపులూ అభినయించి తల్లిని కడుపుబ్బ నవ్వించేది.

పదమూడో ఏట వసంతంలో ఒక దొరగారికి హిస్పానియాలో ఎమెరిటా నగరం పాలన అప్పగించారు. ఆయన భార్యకు రాణివాసంనుంచి కానుకగా పంపిన వస్తువుల్లో రెండు వెండి అద్దాలు, ఒక ఏనుగు దంతపు పెట్టె, జడలు వేసే పిల్ల ఒకతె ఉన్నాయి. ఆ పిల్ల నెబ్రిస్.

ట్రోఫిమస్ అధికారి దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఏమడగాలో తెలియలేదు. ఆపమని అడగడానికి లేదు. చివరికి, "మధ్యాహ్నందాకా సెలవిప్పించండి, రేవుదాకా వెళ్ళొస్తాను," అన్నాడు. అధికారి మంచివాడే. ఇచ్చాడు.

టైబర్ ఒడ్డున సామాను పడవ కట్టేసి ఉంది. నెబ్రిస్ పెట్టెల పక్కన, మెడలో కొత్త యజమానురాలి పేరున్న బిళ్ళతో కూర్చుంది. మిర్తాలె శనగలు వేయించి మూటగట్టి తెచ్చింది.

"కడుపులో తిప్పితే తేనె నాకు. సముద్రం వైపు చూడకు."

"సముద్రం మీద పోతూ సముద్రం వైపు చూడకుండా ఎలాగే అమ్మా?"

"ఎదురు మాట్లాడకు అక్కడ. ఇక్కడంటే నేనున్నాను."

"సరే." నెబ్రిస్ తండ్రివైపు తిరిగింది. "నాన్నా, దొరసాని జుట్టు ఎంత పల్చగా ఉందో తెలుసా? నేను జడ వేస్తే నాలుగు రోజుల్లో ఉన్నదికూడా ఊడుతుంది. అప్పుడు పంపించేస్తుందిలే."

ట్రోఫిమస్ నవ్వాడు. పడవవాళ్ళు తాళ్ళు విప్పుతుంటే ఒక్కసారి ఎదురుగా వెళ్ళి, పిల్ల గడ్డం పట్టుకుని ముఖం నిండా చూశాడు. నౌకరు కేకేశాడు. పడవ కదిలింది. మధ్యాహ్నం గంట కొట్టకముందే ట్రోఫిమస్ బల్ల దగ్గరికి చేరుకున్నాడు.

ఇంకో రెండేళ్ళకు ముసలి చక్రవర్తి పోయాడు. పదిహేనేళ్ళుగా నాణేలమీద పెరిగిన కుర్రాడు సింహాసనమెక్కాడు. కొత్త చక్రవర్తి ఆనందంకొద్దీ టంకశాల వాళ్ళను నలభైమందిని విడుదల చేశాడు. ఈ పట్టీ ఎవరూ చెరపలేదు. అందులో ట్రోఫిమస్ ఉన్నాడు, మిర్తాలె ఉంది. న్యాయాధికారి ఎదుట బెత్తం భుజానికి తాకింది. అయిపోయింది. వాళ్ళు స్వతంత్రులు. అతనికి యాభై, ఆమెకు నలభై ఏడు.

బయటికి రాగానే మిర్తాలె అడిగిన మొదటి మాట, "ఇప్పుడు మన పిల్లను ఇచ్చెయ్యమని అడగొచ్చా?" అని.

అడగొచ్చు. అడిగారు. పత్రాలశాలలో చెప్పారు: ఆ పిల్ల ఇప్పుడు చక్రవర్తి సొత్తు కాదు, దొరసాని సొత్తు. ఆవిణ్ణే అడుక్కోవాలి. సుబురా పేటలో నాలుగో అంతస్తులో గది తీసుకున్నారు. ట్రోఫిమస్ మట్టి దీపాలకు మూసలు చెక్కేవాడు. చూపు మందగించింది, దీపాలకు అంత చూపు అక్కర్లేదు. ఉత్తరాలు రాసేవాడి చేత దొరసానికి విన్నపం రాయించి పడవవాళ్ళకిచ్చారు.

ఏడాదికి జవాబొచ్చింది, దొరసాని దగ్గరనుంచి కాదు, నెబ్రిస్ దగ్గరనుంచి. ఉత్తరాలవాడు మెట్లమీద కూర్చుని చదివాడు. బాగానే ఉన్నాను. దొరసాని జుట్టు ఇంకా ఊడలేదు. మీ విన్నపం ఆమెకు చదివి వినిపించాను, ఊఁ అంది, అంతే. గిడ్డంగి చూసేవాడితో ఉంటున్నాను, మంచివాడు. చలికాలంలో కొడుకు పుట్టాడు.

"కొడుకు," అంది మిర్తాలె. తరవాత ఎవర్నీ చూడకుండా, "వాణ్ణికూడా రాసుకునే ఉంటారు," అంది.

మరుసటి ఏడు ఇంకొక ఉత్తరం వచ్చింది, చిన్నది. దొరగారికి బదిలీ అయింది, మమ్మల్ని ఎటు పంపుతారో తెలీదు, తెలిస్తే రాస్తాను అని. ఆ తరవాత రాలేదు. ఓడలు తిరిగే రోజులొస్తే ట్రోఫిమస్ ఓస్తియాదాకా నడిచివెళ్ళి హిస్పానియానుంచి వచ్చిన నూనె జాడీల పడవల దగ్గర అడిగేవాడు. పడవవాళ్ళు మంచి మాటలే చెప్పేవారు. హిస్పానియా చాలా పెద్దది తాతా, అనేవారు.

యాభై ఎనిమిదో ఏట, చలికాలం జ్వరంతో నాలుగు రోజులు పడుకుని ట్రోఫిమస్ పోయాడు. టంకశాల పనివాళ్ళ సంఘంవాళ్ళు కట్టెలు తెచ్చారు. జుట్టంతా నెరిసిన డాజస్ ముందు భుజం పట్టాడు. అప్పియా రోడ్డు పక్కన సంఘం గోడలో బూడిద కుండ పెట్టే గూడు ఒకటి దొరికింది, దానికి చిన్న రాతిపలక.

రాయి చెక్కేవాడి దగ్గరికి మిర్తాలె, డాజస్ వెళ్ళారు. పలకమీద మూడు పేర్లుండాలంది మిర్తాలె. ట్రోఫిమస్, మిర్తాలె, కూతురు నెబ్రిస్. వాడు బొగ్గుతో గీతలు గీసుకుని, పేర్లు రాసుకుని, ఉలి తీశాడు. పోయినవాళ్ళ పేరు పక్కన ఒక గుర్తు, ఉన్నవాళ్ళ పేరు పక్కన ఇంకొక గుర్తు వేయడం అక్కడి అలవాటు. ట్రోఫిమస్ పక్కన ఒకటి వేశాడు. మిర్తాలె పక్కన రెండోది వేశాడు. తరవాత తలెత్తాడు.

"అమ్మా, కూతురు ఉందా, పోయిందా? ఏ గుర్తు పెట్టమంటావు?"

డాజస్ రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు. మిర్తాలె రాతిమీద బొగ్గు అక్షరాల్ని చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"పక్కన కాస్త జాగా వదిలెయ్యి నాయనా," అంది.